రేపటి బెంగ

'ఉద్యోగం పురుషలక్షణం' అన్నారు పెద్దలు. ఇప్పుడది స్త్రీలక్షణం కూడా అయింది. అందుచేత బెంగ కూడా ఇద్దరికీ సమానంగానే వచ్చిపడింది.

ప్రొద్దున్నే మా ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు మీద నిలబడితే ఇంజనీరింగు కాలేజీల బస్సులు ఒకదాని వెనుక ఒకటి పోతూంటాయి. వాటిలోని ఆఖరు సంవత్సరం పిల్లలను కదిపి చూడండి. "క్యాంపసుకు ఏ కంపెనీ వస్తుంది? రాకపోతే ఇంట్లో ఏం చెప్పాలి?" అన్నదే మాట. బి.ఏ., ఎం.ఏ. చదివేవారి చూపేమో సర్కారు నౌకరీ మీద.

ఇది ఒట్టి పిరికితనమని కొట్టిపారేయడం అన్యాయం. తెలంగాణ గ్రూప్-1 సంగతే చూడండి. 2022 ఏప్రిల్‌లో 503 ఉద్యోగాలకు ప్రకటన వచ్చింది. అక్టోబరు 16న ప్రిలిమ్స్ పరీక్ష జరిగింది. ప్రశ్నపత్రాలు బయటికి పొక్కాయని 2023 మార్చిలో దాన్ని రద్దుచేశారు. జూన్ 11న మళ్ళీ పెడితే, వేలిముద్రలు తీసుకోలేదన్న కారణం మీద సెప్టెంబరులో హైకోర్టు రద్దుచేసింది. 2024 ఫిబ్రవరిలో 563 ఉద్యోగాలకు కొత్త ప్రకటన. జూన్ 9న మూడోసారి పరీక్ష! ఇరవై నెలల్లో ఒకే గుమ్మం మూడుసార్లు ఎక్కిన విద్యార్థి చదవక చెడలేదు గదా.

చదవడం మన చేతిలో ఉంది. పరీక్ష సవ్యంగా జరగడం మన చేతిలో లేదు. రెంటినీ కలిపి నెత్తిన పెట్టుకుంటేనే బరువు మోయలేనిదవుతుంది. మా విద్యార్థులకు నేను చెప్పే ఉపాయం చిన్నది. ఒక కాగితాన్ని నిలువుగా మడిచి, ఒకవైపు మీవల్ల అయ్యేవి, రెండోవైపు కానివి వ్రాయండి. అయ్యేవాటిలో ఒకటి ఈ రోజే మొదలుపెట్టండి.

ఒక్క దారినే నమ్ముకోకండి. పోటీపరీక్షలకు ఎన్నేళ్ళు ఇవ్వగలరో ముందే ఇంట్లో కూర్చుని అనుకోండి. ఆ లోపల బి.ఇడి. గానీ, కంప్యూటరు మీద జమాఖర్చులు వ్రాయడం గానీ, అనువాదం గానీ, నాలుగు రూపాయలు తెచ్చే విద్య మరొకటి పట్టండి.

తల్లిదండ్రులకొక మనవి. "పక్కింటి అబ్బాయికి ప్యాకేజీ ఎంతో తెలుసునా?" అని భోజనాల దగ్గర ఎత్తకండి. ఆ ముద్ద గొంతు దిగదు. "ఈ వారం ఏం చదివావురా?" అనండి. దానికి పిల్లల దగ్గర జవాబుంటుంది.

నిద్రా, తిండీ తప్పి, నలుగురిలోకీ రాకుండా రెండువారాలు గడిస్తే దాన్ని బద్ధకమనుకోకండి. ప్రాణం మీద విరక్తి మాట ఒక్కసారి వినబడినా వెంటనే 14416కు ఫోను చేయండి. 'టెలీ మానస్' పేరిట కేంద్రప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన ఈ ఉచిత సేవ రాత్రింబవళ్ళు అందుతుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు.

నౌకరీ ఈ ఏడు కాకపోతే పైయేడు వస్తుంది. ముఖం చిన్నబుచ్చుకుని గదిలో ఒంటరిగా కూర్చున్న బిడ్డను పలకరించడానికి మాత్రం పైయేటిదాకా ఆగకూడదు. ఈ సాయంత్రమే వెళ్ళి ప్రక్కన కూర్చోండి.