గోండుల కిక్రి పాట

నిర్మల్ అనగానే కొయ్యబొమ్మలు జ్ఞప్తికి వచ్చును. పొనికి కఱ్ఱను చెక్కి రంగులద్దు ఆ చేతిపని ఆ పట్టణమునకు దేశమంతటను పేరు తెచ్చినది. అచటినుండి ఉత్తరముగా మహబూబు ఘాటు నెక్కి, ఇచ్చోడ దాటి ఇంద్రవెల్లి, ఉట్నూరుల వైపు పోయినవారికి కొయ్యతో చేసిన మఱియొక వస్తువు కన్పించును. కొయ్యను తొలిచి, తోలు మూసి, మూడు తంత్రులు బిగించి, గుఱ్ఱపు వెండ్రుకల కమానుతో మ్రోగించు ఆ వాద్యము పేరు కిక్రి. గోండుల పురాణమంతయు ఆ మూడు తంత్రులమీద నడచుచున్నది.

జానపదుల పాటకు పెద్ద సభాభవనములు అక్కఱలేదు. గాయకుని ఊపిరి వినబడునంత దగ్గఱగా కూర్చుండు కొలది మంది చాలును. ఈ సంగతిని పాశ్చాత్యులును ఎఱుగుదురు. 1965లో లండను నగరమున సోహో పేటలో, గ్రీక్ వీధిలోని ఒక భోజనశాల క్రింద నేలమాళిగలో ‘లే కజిన్స్’ అను చిన్న సంగీతశాల వెలసెను. బర్ట్ జాన్ష్, జాన్ రెన్‌బర్న్ వంటి గాయకులు అచట తెల్లవార్లు పాడుచుండెడివారు. అంత పేరు గాంచిన ఆ చోటు 1972లో మూతపడెను. దాని ఆయువు ఏడేండ్లు మాత్రమే. మన కొండలలోని కిక్రి పాట తరతరములుగా నిలిచినది. ఈ భేదమునకు కారణ మేమి?

గోండుల పాటకును మూలము నేలక్రింది చోటే. పూర్వము వారి దేవతలు ఒక గుహలో బంధింపబడిరనియు, పహండి కుపార్ లింగు వారిని విడిపించి, జనులను ఏడుగురు, ఆర్గురు, ఐదుగురు, నలుగురు అన్నదమ్ముల శాఖలుగా ఏర్పఱచెననియు వారి పురాణము చెప్పును. హీరాసుక అనువాడు ఆ కాలపు తొలి గాయకుడు. అతని సంతతియే పర్ధానులని నమ్మకము. కెరమెరి ప్రాంతమున, మహారాష్ట్ర సరిహద్దులో, జంగుబాయి దేవత నేటికిని గుహలోనే పూజలందుకొనుచున్నది. పుష్యమాసమున ఇరు రాష్ట్రముల గోండులును అచటికి తరలివత్తురు.

ఇక పాట నిలిచిన విధమును చూతము. ప్రతి గోండు కుటుంబమునకును వంశపారంపర్యముగా ఒక పర్ధాను కుటుంబముతో సంబంధము కలదు. కొన్ని చోట్ల ఈ పని తోటివారిది. గోత్రదైవమైన పెర్సాపేన్ పూజలోను, పెండ్లిలోను, చావులోను గాయకుడు వచ్చి ఆ వంశపు కథ పాడవలెను. అతడు రానిదే పూజ పూర్తికాదు. వినువాడు అతనికి ధాన్యమో, వస్త్రమో, పశువో ఇచ్చితీరవలెను. ఇది బిచ్చము కాదు, హక్కు. ఆదిలాబాదు పర్ధానులలో పెక్కుమంది ఇంట మాటలాడునది మరాఠీ. పాడునది మాత్రము గోండి. తమ ఇంటి భాష కాని భాషలో పరుల వంశచరిత్రను కంఠస్థము చేసి కాపాడిన గాయకులు వీరు. లండను నేలమాళిగలో శ్రోత రుసుము చెల్లించి విని పోయెడివాడు. ఇచట వినువాని తాతయు పాడువాని తాతయు ఒకరికొకరు ఋణపడియున్నారు.

కాని ఈ ఋణము తీర్చుటకు పొలము ఉండవలెను. ఇరువదవ శతాబ్దపు పూర్వార్ధమున అడవులు రక్షితములై, సాగుభూములు పరుల చేతికి పోయినవి. ఆ కష్టములోనే కుమ్రం భీము పోరాటము రగిలి, 1940లో జోడేఘాట్ వద్ద ఆయన నేలకొరిగెను. పిదప నిజాము ప్రభుత్వమువారి పక్షమున గోండుల స్థితిని పరిశీలించుటకు వచ్చిన హైమెన్‌డార్ఫ్ పండితుడు మార్లవాయిలో నివసించి, ఈ పాటలను వ్రాసికొని, 1948లో ఆదిలాబాదు రాజగోండులపై గ్రంథము ప్రకటించెను. భూమి పోయిన గోండు తన గాయకునికి ఎద్దు నెట్లీయగలడు? గింజలు రాని గాయకుని కుమారుడు కిక్రి నేల పట్టును? కూలికి పోవును. పాట సన్నగిల్లుట వినువారికి రుచి తగ్గినందువలన మాత్రమే కాదు. గాదెలో గింజ తగ్గినందువలన.

1986లో ఆదిలాబాదున ఆకాశవాణి కేంద్రము నెలకొనిన పిదప గోండి మాట, గోండి పాట ఇంటింట వినవచ్చినవి. ఇది గొప్ప మేలు. అయినను రేడియోకు ఒక హద్దు కలదు. రాత్రంతయు సాగవలసిన కథను నిమిషములలో ఇమిడ్చవలెను. అంతేకాదు, మనము రేడియో కట్టివేసినను గాయకుడు ఎఱుగడు. మనకు అతనితో ఋణము లేదు.

ఆ ఋణమును మనమే కల్పించుకొనవలెను. పుష్య అమావాస్యకు కేస్లాపూరున, మెస్రం వంశమువారు గోదావరి జలము తెచ్చి నాగోబాను అర్చించు జాతర జరుగును. వేలాది జనులు పోయి, అంగళ్లు చూచి, హైమెన్‌డార్ఫ్ ఆరంభించిన దర్బారును చూచి తిరిగివత్తురు. ఈసారి పోయినపుడు కిక్రి మ్రోగుచోట ఒక గడియ కూర్చుండుడు. గాయకుని పేరడుగుడు, అతడు ఏ వంశపు కథ పాడుచున్నాడో అడుగుడు. లేచునపుడు చేతిలో పెట్టునది దానముగా కాక, చెల్లింపవలసిన బాకీగా పెట్టుడు.