పాత తరంగమున కొత్త సంభాషణ

రాత్రివేళ మీడియం వేవున స్టేషను వెదకునప్పుడు, ఒకదానిపై నొకటి పడి ఈలవేయు ధ్వని శ్రోతలకు పరిచితమే. ఒకే తావున రెండు కేంద్రములు పలుకబూనినపుడు కలుగు కలహమది. మొబైల్ ఫోనునకు కేటాయించిన తరంగస్థలము, అనగా స్పెక్ట్రమ్, ఈ నియమమునకు లోబడినదే. అది వాడినకొలది అరుగదు. అయినను కొత్త పద్ధతిని అచట కూర్చుండబెట్టవలెనన్న, పాతదానిని లేపవలెను.

లేపుట సులభమా? రెండవ తరమైన జి.ఎస్.ఎం. 200 కిలోహెర్ట్జుల సన్నని పట్టీలతో పనిచేయును. మూడవ తరమునకు ఒక్కుమ్మడిగా 5 మెగాహెర్ట్జులు కావలెను; అనగా ఇరువదియైదు పాత పట్టీల చోటు. నాల్గవ తరపు ఎల్.టి.ఇ. ఈ విషయమున సర్దుకొను స్వభావము కలది. 1.4 మెగాహెర్ట్జులు మొదలు 20 వరకు దొరికిన చోటును బట్టి ఒదిగియుండును. కనుక పాత వాడుకదారులు తగ్గినకొలది కొంచెము కొంచెముగా స్థలము మార్చవచ్చును.

పాత స్థలముపైననే ఇంత మక్కువ యేల? 900 మెగాహెర్ట్జుల తరంగములు 2100 వానికంటె దూరము పోవును. గోడలు దాటి లోగదికి చేరును. అట్టి మేలైన చోటు ముందు వచ్చినవారికే దక్కినది. మన దేశమున ఒకప్పుడు సి.డి.ఎం.ఎ. ఫోనులు పలికిన 850 మెగాహెర్ట్జుల పట్టీపై తరువాత 4జి వెలసినది.

ఎయిర్‌టెల్ సంస్థ 2019లో కలకత్తాలో మొదలిడి 3జిని మూసి, ఆ స్థలమును 4జికి మార్చెను. 2జిని మాత్రము ఉంచుకొనెను. పెద్దది నిలిచి చిన్నది పోవుట మాకును మొదట వింతగానే తోచినది. కాని 3జి ఫోను తన తరము పోయినను 2జిపై మాటాడగలదు. మీటల ఫోను పట్టుకొన్న పెద్దలకో, 2జి పోయినచో వేరొక దారి లేదు.

ఆస్ట్రేలియాలో ఈ ఆసరా లేకపోయెను. అచట 2జి ముందే ముగిసినది. పైగా కొన్ని 4జి ఫోనులు మామూలు మాటలను 4జిపై నడపుచునే, అత్యవసర పిలుపైన 000ను మాత్రము 3జిపైకి పంపుచుండెను. యజమానులలో అనేకులకు ఈ సంగతియే తెలియదు. ప్రమాదవేళ పిలిచిన పలుకు చేరనిచో ఏమి గతి? టెల్‌స్ట్రా సంస్థ ఆగస్టు 31 నాటి గడువును దాటించి, 2024 అక్టోబరు 28న మూసివేత కారంభించెను. అత్యవసర పిలుపు చేయజాలని పరికరములను అసలే నడువనీయరాదని ప్రభుత్వము నియమము చేసెను. మంచి ఫోను చేతనుండగనే సేవ పోయినదని కొందరు నొచ్చుకొనిరి. మేము మాత్రము ఆ కాఠిన్యమును తప్పుపట్టజాలము.

ఇంట పాత ఫోనున్నవారు 4జిపై మాటాడు వోల్టే ఏర్పాటు దానికి కలదో లేదో చూచుకొనవలెను. సిమ్ము గల ఇతర యంత్రములను మరువరాదు. దొంగలు పడినపుడు కబురంపు పెట్టె, బండి జాడ తెలుపు పరికరము మున్నగునవి పాత తరముపై ఆధారపడియున్నచో, సేవ ఆగిన దినమున మన కేమియు చెప్పక ఊరకుండును.