గట్టు దాటిన నీళ్ళు

హైదరాబాదునుంచి సంగారెడ్డి బస్సులో మీరెప్పుడైనా వెళ్ళారా? కూకట్‌పల్లి, మియాపూర్, రామచంద్రాపురం, పటాన్‌చెరు - దారి పొడుగునా దుకాణాలు, ఫ్యాక్టరీలు. ఈ దారిలో మీకు తెలియకుండానే ఒక గట్టు దాటుతారు. గట్టంటే కొండ కాదు, కొంచెం మెరక నేల, అంతే!

కూకట్‌పల్లిలో కురిసిన వాన నాలా వెంట హుస్సేన్‌సాగర్ చేరి, మూసీలో కలిసి, వాడపల్లి దగ్గర కృష్ణలో పడుతుంది. పటాన్‌చెరు వాన మాత్రం నక్కవాగు మీదుగా మంజీరకు, అక్కడినుంచి గోదావరికి పోతుంది. ఒక చినుకు హంసలదీవికి, దాని పక్క చినుకు అంతర్వేదికి! నీటిని ఇలా పంచే మెరకను జలవిభాజకం అంటారు.

కాకసస్ ప్రాంతంలోని జార్జియాలో ఇటువంటి గట్టే నిజమైన పర్వతశ్రేణి. పేరు లిఖీ. దానికి పడమట కురిసిన నీరు నల్లసముద్రానికి, తూర్పున కురిసినది కాస్పియన్ సముద్రానికి పోతుంది. నల్లసముద్రపు తేమగాలినీ అదే అడ్డుకుంటుంది. అందుకే తీరాన ఉన్న బటూమీలో ఏడాదికి 200 సెంటీమీటర్లకు పైగా వాన. తూర్పున ఉన్న రాజధాని తబిలీసీలో సుమారు 50 మాత్రమే.

మన గట్టుకు మేఘాన్ని ఆపే ఎత్తెక్కడిది? అటూ ఇటూ 80, 90 సెంటీమీటర్ల వానే. అందులో అధికభాగం జూన్, సెప్టెంబరుల మధ్యనే కురుస్తుంది. వేసవిలో నక్కవాగువంటి వాగులకు సొంత నీరు దాదాపు ఉండదు.

చిక్కంతా ఇక్కడే వచ్చింది. 1970ల తర్వాత పటాన్‌చెరు చుట్టూ మందుల, రసాయనాల ఫ్యాక్టరీలు పెరిగాయి. వాటి మురుగు పల్లానికే పోయింది. వాగులో నీరుంటే కదా, అది పలచబడేది! బావులు, పొలాలు చెడ్డాయి. 1990లో వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది. ఉమ్మడి శుద్ధికేంద్రాలు వచ్చాయి. అయినా ఒక కేంద్రం వదిలిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ మందు లీటరుకు 31 మిల్లీగ్రాములదాకా ఉందని స్వీడన్ శాస్త్రజ్ఞులు 2007లో ప్రకటించారు. ఆ మందు మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు! అటువంటి నీటిలో చావకుండా మిగిలిన సూక్ష్మజీవులు మన ఒంట్లోకి వస్తే, ఆ మందు వాటినేం చేస్తుంది?

తర్వాత ఏం చేశారో తెలుసా? శుద్ధిచేసిన ఆ నీటిని సుమారు 18 కిలోమీటర్ల గొట్టం ద్వారా నగరపు మురుగుకాలువలో కలిపి, మూసీ ఒడ్డున ఉన్న అంబర్‌పేట శుద్ధికేంద్రానికి పంపారు. మంజీర మంచినీళ్ళు 1965లోనే గొట్టాలెక్కి గట్టు దాటి హైదరాబాదుకు వచ్చాయి. వాటి వెనకే ఇప్పుడు ఫ్యాక్టరీల నీళ్ళూ దాటాయి. గోదావరికి పోవలసినవి కృష్ణకు పోతున్నాయి.