ఈతకు వేళ నిర్ణయించునది కడుపులోని దూడయే

గోపన్‌పల్లి చుట్టును నేడు కంప్యూటరు కంపెనీల మేడలు లేచినను, పాడిని విడువని సభ్యులు మమ్ము తఱచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు: దినములు నిండినను ఆవు ఏల ఈనలేదు? ఇందుకు తల్లిని నిందించుట తగదు. ఈతకు వేళ నిర్ణయించునది కడుపులోని దూడయే.

దూడకును, గొఱ్ఱెపిల్లకును, మన శిశువులకును ఒక్కొక్క మూత్రపిండము చెంత ఒక చిన్న గ్రంథి కలదు. దానిని అధివృక్క గ్రంథి యందురు. పిండము మిక్కిలి చిన్నదై యున్నప్పుడే ఇది ఏర్పడును. మనుష్యశిశువునందు పుట్టుకకు ముందు, దేహపరిమాణమును బట్టి చూడగా, ఇది పెద్దవారి గ్రంథికంటె ఎన్నో రెట్లు పెద్దది. పుట్టిన పిమ్మట త్వరలోనే చాలవరకు కృశించును.

గొఱ్ఱె సుమారు 147 దినములు మోయును. చివరి పక్షమున పిల్లయొక్క మెదడు క్రింద నున్న పీయూష గ్రంథి ఈ గ్రంథికి ఆజ్ఞ పంపును. అంతట కార్టిసాల్ అను హార్మోను పిల్ల రక్తమున హెచ్చును. అది మాయను చేరి, గర్భమును నిలుపు హార్మోనును తగ్గించి, నొప్పులకు తోడ్పడు హార్మోనును పెంచును. పిల్ల ఊపిరితిత్తులు గాలికి సిద్ధమగుటకును, కాలేయమున శక్తి నిలువ యగుటకును ఇదియే తోడు. పైరు పండించుటయు, కళ్లము అలుకుటయు ఒక్క రైతు చేతిలో నున్నట్లే. ఆవునందు దారి కొంచెము వేఱైనను ఆజ్ఞ దూడదే.

న్యూజీలాండు దేశమున లిగ్గిన్స్ అను వైద్యుడు 1960 దశకమున కడుపులోని గొఱ్ఱెపిల్ల పీయూష గ్రంథిని నశింపజేసి చూచెను. దినములు మీరినను తల్లి ఈనలేదు. వేఱు పిల్లలకు కార్టిసాల్ ఎక్కింపగా అవి ముందుగనే పుట్టినవి. బ్రదుకవనుకొన్నవి కొన్ని ఊపిరి పీల్చినవి! దీనిని బట్టియే ఆయన హౌయీ అను వైద్యునితో గూడి, నెలలు నిండక ప్రసవింపనున్న స్త్రీలకు ఇట్టి మందు నిచ్చి, శిశువుల శ్వాసబాధ తగ్గినదని 1972లో ప్రకటించెను.

ఇక మన కొట్టము సంగతి. చూడిపశువునకు జ్వరమో, కీళ్లవాపో వచ్చినచో, త్వరగా తగ్గునని స్టెరాయిడు సూది వేయువారు కొందఱు కలరు. డెక్సామెథసోన్ ఈ జాతి మందే. దూడ పంపవలసిన ఆజ్ఞను ఆ సూదియే పంపును. నెలలు నిండవచ్చిన ఆవు 2, 3 దినములలో ఈనవచ్చును. మాయ పడక నిలుచుట తఱచు. పశువైద్యుడు అవసరమెఱిగి వాడుట వేఱు. ఎవరు సూది పట్టినను, ముందుగా ఎన్నవ నెల చూడియో చెప్పుడు.

అందుకు కట్టించిన తేదీ కొట్టము గోడపై వ్రాసియుంచవలెను. ఆవునకు సుమారు 280, బఱ్ఱెకు 310 దినములు. సంక్రాంతికి కట్టించిన ఆవు దీపావళి దాపున ఈనును. బఱ్ఱె మఱియొక నెలకు.