పసిబిడ్డల బడి - ఊరి పెట్టుబడి

కళాశాల కట్టింతుమని బయలుదేరిన వారికి మన గ్రామములలో ద్రవ్యము దొరకును. ఆలయమునకు గోపుర మెత్తింతుమన్న వారికిని దొరకును. మూడేండ్ల బిడ్డలు పగటివేళ ఆడుకొని, అన్నము తిని, నిద్రించి, నాలుగు మాటలు నేర్చుటకు ఒక చల్లని చోటు కావలెనని యడిగినచో మాత్రము, అది తల్లుల పని గదా యని పెద్దలు లేచిపోవుదురు. ఈ భేదము చిరకాలముగా మనకు అలవాటైనది. అలవాటైనంత మాత్రమున అది న్యాయము గాదు. లెక్క చూచినచో లాభమును గాదు.

దక్షిణమున విరుదునగరము జిల్లాలో పడమటి కనుమల పాదమున రాజపాళయము కలదు. దానికి సమీపముననే మంసాపురము. ఈ ప్రాంతమున తెలుగు కుటుంబములు తరతరములుగా స్థిరపడి, ఇంట తెలుగును, వీధిలో తమిళమును మాటాడుచున్నవి. సమష్టి కార్యములకు ద్రవ్యము కూర్చుట వీరికి క్రొత్త గాదు. 1936లో శ్రీ పి. ఎ. సి. రామస్వామిరాజాగారు నూలుమిల్లును స్థాపించి ఆ పట్టణమునకు పరిశ్రమ నలవరచిరి. 1949 మొదలు 1952 వరకు మదరాసు ప్రభుత్వమునకు నాయకత్వము వహించిన శ్రీ పి. ఎస్. కుమారస్వామిరాజాగారు స్వగృహమునే గాంధీ కళామన్రమునకు దానము చేసిరి. 1973లో రాజపాళయము రాజుల కళాశాల వెలసినది. ఇట్టి చోట దాతృత్వమునకు లోటున్నదని యెవ్వరు ననజాలరు. మా ప్రశ్న వేరు. మేడకు పై యంతస్తులు కట్టిన చేతులు పునాదిని కూడ తడవి చూడవలదా?

పునాది యనుమాట మేము అలంకారమునకై వాడుట లేదు. మనుష్యుని మెదడు పెంపులో నూటికి 85 పాళ్లకు పైగా ఆరేండ్లు నిండకముందే జరుగునని 2020 నాటి జాతీయ విద్యావిధానము పేర్కొనినది. అమెరికాలో మిచిగన్ రాష్ట్రమందలి ఇప్సిలాంటి పట్టణమున 1962లో ఒక పరీక్ష ప్రారంభమయ్యెను. బీదకుటుంబముల బిడ్డలు 123 మందిలో 58 మందిని చిన్నబడిలో చేర్చుకొని, మిగిలిన వారిని చేర్చుకొనక, ఉభయులను నలుబదియేండ్లు వచ్చువరకు కనిపెట్టి చూచిరి. బడిలో చేరినవారు ఎక్కువ చదివిరి, ఎక్కువ ఆర్జించిరి, తక్కువగా చెరసాలల పాలైరి. అర్థశాస్త్రమున నోబెల్ బహుమాన మందిన జేమ్సు హెక్మన్ గారు ఈ లెక్కలను శోధించి, అచ్చట పెట్టిన ద్రవ్యము సాలునకు నూటికి 7 మొదలు 10 వరకు ప్రతిఫల మిచ్చినదని తేల్చిరి. ఊరి ధనమునకు ఇంతకంటె భద్రమైన వడ్డీ దొరకుట దుర్లభము.

మనదేశమున ఈ భావము పరదేశమునుండి దిగుమతియైనది గాదు. భావనగరమున గిజుభాయి బధేకాగారు 1920లో బాలమందిరమును నెలకొల్పిరి. 1945లో తారాబాయి మోడక్ గారు బోర్డీ గ్రామమున, బడికి రాజాలని బిడ్డలున్న వాడకే బడిని గొనిపోయిరి. ఇంటి ముంగిలియే ఆ బడికి చోటు. అంగన్‌వాడి యను పేరునకు అర్థ మదియే. మన తెలుగుదేశపు ఆడపడుచు దుర్గాబాయి దేశముఖ్ గారు 1953లో స్థాపితమైన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి మొదటి అధ్యక్షురాలై, గ్రామములందు బాలవాడులకు తోడ్పడిరి. 1975 అక్టోబరు 2వ తేదీన సమగ్ర శిశు అభివృద్ధి పథకము దేశమున ప్రారంభమయ్యెను. 2002లో రాజ్యాంగమును సవరించి, ఆరేండ్ల లోపు బిడ్డల సంరక్షణకును విద్యకును పాటుపడుట రాజ్యము యొక్క ధర్మమని చేర్చిరి.

ఇంత జరిగినను పని యెచ్చట ఆగుచున్నది? అంగన్‌వాడిలో సాధారణముగా ఒక కార్యకర్త, ఒక ఆయా ఉందురు. పూరకాహారము పెట్టించుట, టీకాలకు బిడ్డలను చేర్చుట, బరువు తూచుట, గర్భిణులకు హితవు చెప్పుట, పుస్తకములు వ్రాయుట అన్నియు ఆ కార్యకర్త మీదనే పడును. పాటకును, కథకును, బొమ్మకును మిగులు కాల మెంత? చేతులు తక్కువయైన చోట మొదట మాయమగునది చదువే.

ఈ చిక్కునకు విరుగుడును తమిళనాడుననే కనుగొనిరి. ఈ రాష్ట్రమందలి 320 అంగన్‌వాడులను ఎన్నుకొని, వానిలో సగమింటిలో సగము పూట పనిచేయు మరియొక కార్యకర్తను, కేవలము చిన్నబడి పనికై, నియమించి చూచిరి. ఫలితములను గనిమియన్, మురళీధరన్, వాల్టర్సు అను పరిశోధకులు 2021లో వెల్లడించిరి. బిడ్డలకు బోధించు కాలము రెట్టింపయ్యెను. భాషయందును, లెక్కలయందును బిడ్డలు స్పష్టముగా ముందడుగు వేసిరి. పాత కార్యకర్తకు ఆహారారోగ్యములు చూచుటకు వ్యవధి చిక్కుటచే, ఎదుగుదల కుంటువడిన బిడ్డల సంఖ్యయు తగ్గెను. క్రొత్త భవనములు లేవు, ఖరీదైన యంత్రములు లేవు. పెంచినది సగము పూట మనిషిని మాత్రమే.

ఆ సగము పూట మనిషిని ఒక యూరు తన పక్షమున నిలుపుకొనజాలదా? నిలుపుకొనగలదని మా దృఢాభిప్రాయము. దీనికి సాక్ష్యము విరుదునగరము జిల్లాయే. ఆ పట్టణమున జన్మించిన కామరాజుగారు ముఖ్యమంత్రిగా నున్న కాలమున, 1950ల నడుమ, బడులలో మధ్యాహ్న భోజనము వ్యాపించెను. వ్యయమంతయు ప్రభుత్వమే భరింపలేదు. స్థానిక సంఘములును తమ వంతు సమకూర్చెను. ఆ పిమ్మట శ్రీ నె. దు. సుందరవడివేలుగారు విద్యాశాఖను నడపిన దినములలో బడుల అభివృద్ధి సభలు జరుగగా, గ్రామస్థులు బల్లలును, పలకలును, గదులును విరాళముగా నిచ్చిరి. 1982లో ఎం. జి. రామచంద్రన్ గారి ప్రభుత్వము రెండేండ్ల బిడ్డలు మొదలుకొని అన్నము పెట్టు భారమును వహించెను. ఊరు ముందడుగు వేసినచో రాజ్యము వెనుక నడచునని ఈ చరిత్ర చెప్పుచున్నది.

ఇది ప్రభుత్వము చేయవలసిన పనియే. ప్రజలేల చందాలు వేయవలెనని యడుగువారు గలరు. వారి ప్రశ్న నిర్లక్ష్యము చేయదగినది గాదు. ఊరివారి విరాళము చూచి ప్రభుత్వము తన వంతు తగ్గించుకొన్నచో మేలునకు బదులు కీడు కలుగును. కావున ఊరి ద్రవ్యము ప్రభుత్వపు ద్రవ్యమునకు బదులుగా గాక, దానిపైన ఉండవలెను. జీతము, ఆహారము, భవనము రాజ్యపు వంతు. రెండవ మనిషి, బొమ్మలు, కథల పుస్తకములు, వేసవిలో చల్లని నీరు, ఎవరేమి చేయుచున్నారని చూచు కన్ను ఊరి వంతు. డబ్బిచ్చినవాడు లెక్క యడుగును; లెక్క యడుగు ఊరిలో అంగన్‌వాడి తలుపు వేళకు తెరచుకొనును.

తల్లుల మాటయు మరువరాదు. రాజపాళయము మిల్లులకు పేరుగన్నది. సమీపమందలి ఛత్రపట్టి గాయముల కట్లబట్టకు పేరుగన్నది. చుట్టుపట్ల పల్లెలలో పొలము పని యున్నది. పసిబిడ్డ నెచ్చట విడిచి పోవుదునను చింత లేక పనికి పోగల తల్లి ఎందరున్నారు? 1948 నాటి కర్మాగారముల చట్టము ముప్పదిమందికి మించి స్త్రీలు పనిచేయు చోట శిశుగృహ ముండవలెనని విధించెను. 2017 నాటి ప్రసూతి చట్ట సవరణ ఏబదిమంది పనివారున్న సంస్థలకు దానిని విధించెను. అంతకు తక్కువమంది గల చిన్న కార్ఖానాలు చట్టమునకు దొరకవు. అట్టివి పదింటివారు కలిసి ఒక శిశుగృహమును నడపుట కష్టమా? తల్లి దినమెల్ల పనిచేయుటయే గాక, పెద్దకూతురు తమ్ముని నెత్తుకొని బడి మానుటయు అప్పుడు తప్పును. ఒక్క వ్యయముతో ఇద్దరు బిడ్డల చదువు నిలుచును.

చివరగా భాష. ఇంట తెలుగు మాటాడు బిడ్డ మూడవయేట తమిళపు మాటల నడుమ కూర్చుండినప్పుడు, మందమతి గాకున్నను మౌనియగును. ఆ మౌనమును చూచి పెద్దలు తెలివిలేదందురు. తమిళము ఆ బిడ్డకు కావలసినదే. అది వాని వీధిభాష, రేపటి బ్రతుకుభాష. కాని ఇంటిభాషలో నాలుగు మాటలు పలికి దగ్గరకు తీయు మనిషి యుండినచో, వాడు రెండు భాషలను ధైర్యముగా అందుకొనును. బిడ్డ ఇంటిభాషకు మొదటి తరగతులలో చోటుండవలెనని 2020 విద్యావిధానము కూడ చెప్పినది. తెలుగు చదువ వ్రాయ రాని యింట సైతము ముత్తవ్వ చెప్పు కథలున్నవి. ఆమెను వారమునకొక దినము అంగన్‌వాడికి పిలిచినచో ఊరికి పైసా వ్యయము లేదు.

మొక్కై వంగనిది మానై వంగునా యని మనము తరచుగా నందుము. ఆ సామెతను బిడ్డలను వంచుటకే వాడితిమి గాని, మొక్కకు నీరెవరు పోయవలెనని తలచితిమి గాము. మంసాపురము వంటి యూరిలో పెద్దలు ఒక్క యంగన్‌వాడినైనను ఎన్నుకొని, స్త్రీలు సగము మందికి తగ్గకుండ ఒక చిన్న సంఘము నేర్పరచి, ఒక్క సంవత్సరము సగము పూట మనిషికి జీతము కూర్చి, ప్రతినెల లెక్కను గోడమీద అంటించి చూతురు గాక. కళాశాల ద్వారముమీద దాతల పేర్లుండును. మూడేండ్ల బిడ్డకు పేర్లు చదువుట రాదు. కనుక ఇచ్చట దానము చేయువారు పేరును గాక, ఫలమును కోరినవారే యగుదురు. అట్టివారు మన యూళ్లలో లేకపోలేదని మేము నమ్ముచున్నాము.