ఫోన్ లాక్కుంటే సరిపోదు

2018 వేసవిలో జోగులాంబ గద్వాల పల్లెల్లో ఒక మార్పు కనిపించింది. ఎండాకాలంలో ఆరుబయట మంచాలేసుకుని పడుకునే జనం పొద్దుగూకగానే తలుపులు బిగించుకుంటున్నారు. బీటు కానిస్టేబుళ్లు ఆరా తీస్తే కారణం ఫోన్లలో దొరికింది. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయంటూ వాట్సాప్‌లో ఒళ్లు గగుర్పొడిచే వీడియోలు తిరుగుతున్నాయి. ఆ మే నెలలోనే పాత నల్లగొండ జిల్లా బీబీనగర్ మండలంలో ఒక అమాయకుణ్ణి దొంగ అనుకుని కొట్టి చంపారు.

గద్వాల జిల్లా అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసులను ఊరూరికీ పంపారు. డప్పు చాటింపు వేయించారు, జానపద కళాకారులతో పాటలు కట్టించారు. వచ్చిన మెసేజ్‌ను నమ్మేముందు తమను అడగమని పోలీసులు ఇంటింటికీ చెప్పారు. గద్వాల, వనపర్తి జిల్లాల్లోని 400కు పైగా పల్లెల్లో ఆ పుకార్లకు ఒక్క ప్రాణమూ పోలేదు.

జనానికి అడగడానికి ఒక మనిషి దొరికాడు. ఈ రోజు మన పిల్లలకు కావాల్సిందీ అదే.

కరోనా కాలంలో, 2020 సెప్టెంబర్ 1న తెలంగాణలో ఆన్‌లైన్ పాఠాలు మొదలయ్యాక పల్లె ఇళ్లలోనూ ఫోన్ పిల్లల చేతికొచ్చింది. బడులు తెరిచినా అది తిరిగి వెళ్లలేదు. 2024 అసర్ విద్యా సర్వే ప్రకారం దేశంలోని గ్రామాల్లో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చు. వారిలో అంతకుముందు వారం చదువు కోసం వాడినవారు 57 శాతం, సోషల్ మీడియా కోసం వాడినవారు 76 శాతం. పాలమూరు (మహబూబ్‌నగర్) సంగతి ఇంకా సున్నితం. అమ్మానాయిన ముంబైకో పుణెకో కూలికి పోతే పిల్లలు నానమ్మ దగ్గర ఉంటారు. వాళ్లను కలిపేది వీడియో కాలే. ఆ ఇంట్లో ఫోన్ వద్దనడం కుదిరే పని కాదు.

మోసం ఎలా జరుగుతుందో పెద్దలు తెలుసుకోవాలి. తోటి వయసు పిల్లలా ఒక కొత్త ప్రొఫైల్ పలకరిస్తుంది. నాలుగు రోజులు కబుర్లు, ఆ తర్వాత ఫొటో అడగడం. పంపిన మరుక్షణం బెదిరింపు: 'డబ్బు పంపు, లేదంటే మీ నాయినకు పంపిస్తా.' ఇక్కడ నేరగాడి చేతిలోని ఆయుధం ఫొటో కంటే ఎక్కువగా నాయిన కోపం. పిల్ల నోరు విప్పగానే ఫోన్ లాక్కుని నాలుగు తగిలించే ఇల్లు, తెలియకుండానే ఆ నేరగాడికి సాయపడుతోంది.

అలాంటిది జరిగితే ముందు పిల్లకు ధైర్యం చెప్పాలి. డబ్బు పంపకూడదు. మెసేజ్‌లు చెరిపేయకుండా స్క్రీన్‌షాట్లు తీసి దాచాలి, అవే సాక్ష్యం. తర్వాత ఆ ఖాతాను బ్లాక్ చేసి ఫిర్యాదు చేయాలి. పిల్లలపై జరిగే ఇలాంటి నేరాలను జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పేరు చెప్పకుండా కూడా తెలియజేయవచ్చు.

ఆటల పేరుతో డబ్బు పోయేది మరో దారి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది. అయినా యూపీఐ పిన్ పిల్లలకు తెలియకుండా చూసుకునే బాధ్యత ఇంటిదే. మరీ చిన్నపిల్లల విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట స్పష్టం: రెండు నుంచి నాలుగేళ్ల వారికి రోజుకు గంటకు మించి స్క్రీన్ వద్దు. అన్నం తినిపించడానికి ఫోన్ పెట్టే అలవాటు అక్కడే మానుకోవాలి.

బడి చేయగలిగింది చాలా ఉంది. 2021లో తెలంగాణ పోలీసు మహిళా భద్రతా విభాగం ప్రభుత్వ బడుల పిల్లలకే శిక్షణ ఇచ్చి సైబర్ అంబాసిడర్లుగా తీర్చిదిద్దే పని మొదలుపెట్టింది. మంచి ఆలోచన, ఎందుకంటే పిల్లలు తమ కష్టాన్ని మొదట చెప్పుకునేది తోటి పిల్లలకే. నల్లగొండ, మహబూబ్‌నగర్ బడుల్లో ప్రతి తరగతికీ అలాంటి ఇద్దరు, వాళ్ల మాట వినే ఒక టీచరు ఉండాలి. సైబర్ మోసానికి 1930, ఆపదలో ఉన్న పిల్లలకు 1098. ప్రధానోపాధ్యాయులు ఈ రెండు నంబర్లను బడి గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాలి, తల్లిదండ్రుల సమావేశంలో చదివి వినిపించాలి.