చిన్నపడవలపై చేపల పందెము

మన స్త్రీలకు నీటితో నున్న పొత్తు పుట్టుకతో వచ్చినది. తెల్లవారినది మొదలు బిందె, బావి, రేవు, కాలువ. పర్వదినము వచ్చినచో నదీస్నానము. కార్తికమాసమున నీటిపై విడుచు దీపము. పండ్రెండేండ్ల కొకసారి పుష్కరము. ఇంతగా నీటితో మెలగు మనలో ఈత నేర్చినవా రెందరు? మగపిల్లలు చెరువులో దూకి యీత నేర్చుకొనుచుండగా, ఆడపిల్లలను గట్టుపై నిలిపి "నీళ్ల దగ్గరికి పోకు" అని పెంచిన యిండ్లే మనలో నెక్కువ. మా యిల్లు నట్టిదే. మా మేనత్తకూతు రొకతె, పదునాలుగేండ్ల పిల్ల, గోదావరి కాలువరేవున బిందె కడుగుచు కాలుజారి పోయినది. ఒడ్డునకును ఆమెకును నడుమ రెండు బారల దూరము మాత్రమే యుండెనని చూచినవారు చెప్పిరి. ఆనాటినుండి మా తల్లిగారు మమ్ము మోకాలిలోతు దాటనీయలేదు.

అట్టి మేము నడివయస్సున, ఒక మనిషి మాత్రమే పట్టు చిన్నపడవపై కూర్చుండి, పరదేశపు జలాశయమున చేపల పందెములో పాల్గొంటి మన్నచో చదువరులకు నవ్వు రావచ్చును. ఆ రెండు దినములలో మాకు దొరకిన చేపలు కొన్నియే. కాని చేపలకంటె విలువైన దొకటి దొరకినది. దానిని సోదరీమణులకు చెప్పవలెనని యీ వ్యాసము వ్రాయుచున్నాము.

అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున డల్లసు నగరమును, దాని చుట్టునున్న ఇర్వింగు, ప్లేనో, ఫ్రిస్కో మొదలగు పట్టణములును అనేక తెలుగు కుటుంబములకు నెలవులు. అచ్చటి తెలుగువారము నలుగురము స్నేహితురాండ్రము. మాలో పెద్దవారు కాకినాడ వదినగారు. మనుమల నెత్తిన వయస్సు. అందరికంటె చిన్నది నెల్లూరి చెల్లెలు, పుట్టు శాకాహారి. మా పొరుగింటి అమెరికా యిల్లాలు ఈ పడవల విద్యలో ఏండ్లతరబడి ఆరితేరినది. ఆమె ప్రతి సంవత్సరము శరదృతువున ఒక శని ఆదివారములలో తన స్నేహితులతో చిన్న పందెము జరుపును. బహుమానము పింగాణీకప్పు ఒకటి, ధనప్రసక్తి లేదు. మొన్నటి అక్టోబరులో మమ్మును రమ్మని పిలిచినది. పదునేడేండ్లు నిండినవారు చేపలు పట్టుటకు ప్రభుత్వపు లైసెన్సు తీసికొనవలెను గనుక ముందుగా నవి తీసికొని బయలుదేరితిమి.

పందెము జరిగిన చోటు లేక్ ఫోర్కు అను జలాశయము. అది డల్లసునకు తూర్పుగా సుమారు 70 మైళ్ల దూరమున నున్నది. సబీను నదిలో గలియు నొక యేటికి అడ్డముగా కట్టిన ఆనకట్ట 1980లో పూర్తియైనది. దాని విస్తీర్ణము 27,000 ఎకరములకు పైగా. నీరు నింపినపుడు చాలచోట్ల చెట్లను నరుకక విడిచిరి. అవి యెండి మోడులై నేటికిని నీటిపై తలలెత్తి నిలిచియున్నవి. ఆ మోడుల నీడ పెద్దనోటి బాసు అను చేపకు ప్రియమైన నివాసము. టెక్సాసులో దొరకిన బాసు చేపలలో అన్నిటికంటె బరువైనది, 18.18 పౌనులది, 1992 జనవరిలో ఇచ్చటనే దొరకినది. అంతకుముందు 1986లో దొరకిన 17.67 పౌనుల ఆడుచేపను చంపక, ఎథెల్ అని ముద్దుపేరు పెట్టి, చేపల ప్రదర్శనశాలలో నుంచగా 1994 వరకు బ్రదికినది. మిక్కిలి పెద్ద చేపలను ప్రభుత్వమునకు అప్పగించి, వాని సంతతిని పెంచు ఏర్పాటు ఎథెల్‌తోనే మొదలైనది. ఈ జాతిలో గ్రుడ్లను, పిల్లలను కాచునది తల్లి కాదు, తండ్రి! మగచేప తోకతో నీటి నడుగున గూడు తుడిచి, గ్రుడ్లకు విసరుచు, శత్రువులు రాకుండ కాపలా యుండును. ఈ మాట విని మా వదినగారు తమ భర్తగారి వంక చూచిన చూపును వర్ణించుట మా తరము కాదు.

ఇక పడవ సంగతి. కయాక్ అను నీ పడవ పుట్టినది ఉత్తరధ్రువ ప్రాంతమున. గ్రీన్‌లాండు, ఉత్తర కెనడా, అలాస్కాలలో నుండు ఇన్యూటులు మొదలగువారు, సముద్రము కొట్టుకొనివచ్చిన కఱ్ఱలతోను ఎముకలతోను చట్రము కట్టి, దానిపై సీలు చర్మము తొడిగెడివారు. పడవపై వేటకు పోవువాడు పురుషుడు. చర్మమును శుభ్రము చేసి, జంతువుల నరములతో పేనిన దారముతో నీరు చొరకుండ కుట్టునది స్త్రీ. కుట్టు వదలినచో మంచునీటిలో మగనికి బ్రతుకు లేదు. ఇంటిల్లిపాది ఆయువు ఆ యిల్లాలి సూదిమొనపై నుండెడిదన్న మాట! వారికే ఉమియాక్ అను పెద్దపడవ వేరొకటి కలదు. గ్రీన్‌లాండున తావు మారునపుడు పిల్లలను, సామానును వేసికొని స్త్రీలే దానిని నడిపెడివారగుటచే దానికి స్త్రీల పడవ యని పేరు వచ్చినది.

నేటి చేపలవేట కయాక్ చర్మముతో కుట్టినది కాదు, ప్లాస్టిక్కుతో పోతపోసినది. పొడవు 10 మొదలు 13 అడుగులు; వెడల్పు సుమారు ఒక గజము. దీనిలో దూరి కూర్చుండ నక్కరలేదు, పైననే కూర్చుందురు. పైనుండి అడుగు వరకు చిన్నతూములు గలవు. పైబడిన నీరు వానిగుండ దిగిపోవును. చూడగానే వదినగారు, "ఇది మా జాలర్ల తెప్పే కదమ్మా!" అనిరి. నిజమే. కాకినాడ, విశాఖ తీరములలో దుంగలు చేర్చి కట్టిన తెప్పపై నీరు పడును, పోవును; తెప్ప మాత్రము తేలుచునే యుండును. ఉపాయ మొక్కటియే, పోత క్రొత్తది.

శనివారము ఉదయము గాలములు పట్టుకొని ఉత్సాహముతో నిలిచియుండగా, మా పొరుగింటామె వానిని తీసి ప్రక్కన పెట్టించినది. "మొదట పడుట నేర్చుకొనుడు, పట్టుట తరువాత" అన్నది. నడుములోతు నీటిలో ఒక్కొక్కరము కావలెనని పడవనుండి పడి, మరల నెక్కవలెనట! వదినగారికి కోపము వచ్చినది. "ఈ వయసులో నాకు నీళ్లలో పల్టీలేవిటమ్మా? నేను కదలకుండా కూర్చుంటాను" అనిరి. ఆమె చిరునవ్వుతో, "కదలకుండ కూర్చుండుట మీ చేతిలోనిదే. గాలి కదలకుండ నుండుట మీ చేతిలోనిదా?" అన్నది. దానికి సమాధానము లేకపోయెను.

విద్య వినుటకు సులభము. పడవ బోర్లపడినచో మొదట దానిని విడువరాదు. దాని అడుగు మీదుగా చేయి చాచి, ఆవలి యంచు పట్టి, తనవైపునకు లాగి వెల్లకిల త్రిప్పవలెను. తరువాత పడవ నడిమి భాగమునకు ఎదురుగా చేరి, రెండు చేతులతో అంచు పట్టి, కాళ్లు వెనుకకు చాచి నీటిపై అడ్డముగా తేలునట్లు తన్నవలెను. నిలువుగా వ్రేలాడుచు పైకి ప్రాకబోయినచో పడవ మరల మీద పడును. చాలమంది చేయు తప్పిదము ఇదియే. దేహము తేలిన పిమ్మట ఒక్క ఊపున రొమ్ము పడవపైకి చేర్చి, బోర్ల పరుండి, పొరలి పీఠముపై కూర్చుండి, చివరకు కాళ్లు లోనికి తెచ్చుకొనవలెను. మేము మొదటిసారి నీటిలో మునిగినపుడు కన్నులముందు కాలువరేవు కనబడినది. ఊపిరి యాడలేదు. అంతలో ఒంటిపై నున్న లైఫ్ జాకెట్టు మమ్ము పైకి తేల్చినది. నాలుగవసారికి గాని పడవ నెక్కలేకపోతిమి. వదినగారు ఏడవసారి యెక్కి, ఎక్కినదానికి గురుతుగా ఎనిమిదవసారి తామే పడిరి.

ఆ జాకెట్టును గూర్చి యొకమాట. టెక్సాసులో పదుమూడేండ్లలోపు పిల్లలు చిన్నపడవలు కదలుచున్నంతసేపు దానిని తొడుగుకొని తీరవలెనను చట్టము కలదు. మా పందెములో పెద్దలకును అదే నియమము. అమెరికా తీరరక్షకదళము 2022 సంవత్సరమునకు ప్రకటించిన లెక్కలలో, పడవ ప్రమాదములలో మునిగి మరణించినవారిలో జాకెట్టు సంగతి తెలిసినంతవరకు నూటికి 85 మంది దానిని తొడుగుకొననివారే. పడవలో నుండుట వేరు, ఒంటిపై నుండుట వేరు. ఒంటరిగా పోరాదనుట రెండవ నియమము. జినో వాట్కిన్స్ అను ఆంగ్లేయ యాత్రికుడు గ్రీన్‌లాండువారి యొద్దనే కయాక్ విద్య నేర్చి, బోర్లపడిన పడవను కూర్చున్నచోటినుండియే త్రిప్పగల ప్రజ్ఞ సంపాదించెను. అట్టివాడును 1932 ఆగస్టులో ఒంటరిగా సీలు వేటకు పోయి మరల రాలేదు. వయస్సు 25 ఏండ్లు.

సాయంకాలము పందెపు నియమములు చదివిరి. చేపను చంపరాదు, దాచరాదు. అంగుళముల గీతలున్న పలకపై పరుండబెట్టి, నోరు మూసి, ముక్కు పలక గోడకు తాకించి, ఆనాటి గురుతుచీటీతో గూడ ఫోనులో ఛాయాచిత్రము తీసి, వెంటనే నీటిలో విడువవలెను. బరువుతో పని లేదు. అయిదు పెద్దచేపల పొడవుల మొత్తమే లెక్క. కొలత పావు అంగుళముల గీతల నడుమ పడినచో క్రింది గీతయే లెక్కింపబడును. నెల్లూరి చెల్లెలు లేచి, "తినడానికి కాని చేపకు గాలం గుచ్చడం మరింత పాపం కాదా అక్కయ్యా?" అని యడిగినది. గాలపు ముల్లును పటుకారుతో అణచివేయుదుమనియు, చేతులు తడిపికొనియే ముట్టుకొందుమనియు, నిమిషములోపల విడుతుమనియు పొరుగింటామె చెప్పినది. అట్లు విడిచినవానిలోను కొన్ని చచ్చునని దాచక ఒప్పుకొన్నది. చెల్లెలి సందేహము తీరలేదు. నిజము చెప్పవలెనన్న మాకును పూర్తిగా తీరలేదు. ఆమె గాలము పట్టక, తన పడవపై మా వెంట వచ్చి కొలతలు చూచుట కొప్పుకొన్నది. అంతకంటె కఠినమైన న్యాయాధిపతి మాకు దొరకియుండదు.

ఆదివారము తెలతెలవారుచుండగా నీటిలోనికి దిగితిమి. మోడుల నడుమ మంచుపొగ లేచుచుండెను. తెడ్డు నీటిని తాకు చప్పుడు తప్ప వేరు చప్పుడు లేదు. ఇంటిపనిలో ఇరువదియేండ్లుగా మాకంత నిశ్శబ్దము దొరకలేదు. మా గాలమునకు కట్టినది మెత్తని ప్లాస్టిక్కు వానపాము. గాలపుమొనను ఆ పాము దేహముననే దాచుదురు. కొమ్మలకు తగులుకొనకుండుటకు ఈ పద్ధతి. దీనికి ఆ రాష్ట్రము పేరే పెట్టి టెక్సాసు రిగ్ అందురు. ఎనిమిది గంటలకు దారము చిన్నగా రెండుమారులు అదరినది. లాగగా చేప పడవనే గుండ్రముగా త్రిప్పివేసినది! పలకపై పెట్టగా నోరు తెరచినపుడు సరిగా 16 అంగుళములు. సంతోషముతో ఫోను తీయబోతిమి. "నోరు మూయండి అక్కయ్యా, చేపది" అన్నది చెల్లెలు. మూయగా 15¾. ఆ పావు అంగుళము కొరకు మనస్సు ఎంత పీకినదో చెప్ప సిగ్గగుచున్నది. చూచువారెవరు లేని నీటినడుమ మనిషి నిజాయితీకి కొలపలక అదే.

పదునొకండు గంటలు దాటిన పిమ్మట ఉత్తరపుగాలి లేచినది. అద్దమువలె నున్న నీరు అరగంటలో అలలతో నిండెను. వదినగారు మాకు నలువది గజముల దూరమున ఒక మోడు ప్రక్కన నుండిరి. అప్పుడే వారి గాలమునకు పెద్దచేప తగిలినది. అది మోడు చుట్టు దారమును చుట్టివేయగా విడిపించుటకు వారు ప్రక్కకు వంగిరి. అదే క్షణమున అల యొకటి అడ్డముగా తగిలినది. చప్పుడు వినబడినది, తిరిగి చూచుసరికి బోర్లపడిన పడవ తప్ప మనిషి లేదు.

మా చేతిలో తెడ్డు నిలువలేదు. కాని మాకంటె ముందుగా వదినగారి తల నీటిపైకి వచ్చినది. వెంటనే మెడలోని ఈల మ్రోగినది. కఱ్ఱ పోయినది, టోపీ పోయినది, చేప పోయినది; పడవను మాత్రము వారు విడువలేదు. అడుగు మీదుగా చేయి చాచిరి, లాగిరి, పడవ వెల్లకిల తిరిగినది. మేము చేరి ఆవలియంచు పట్టుకొంటిమి. వారు కాళ్లు చాచి తన్నుచు, "రొమ్ము, పొర్లు, కూర్చో" అని పాఠము తమలో తాము చెప్పుకొనుచు రెండవ ఊపున పైకి వచ్చిరి. నిన్నటి దినమున ఆ పాఠము నేర్వకున్నచో ఏమగునో తలంప వెఱపగుచున్నది.

ఈల విని పొరుగింటామె వచ్చి, గాలి తీరు చూచి, అందరిని ఒడ్డునకు రమ్మన్నది. పందెమునకు ఇంకను రెండుగంటలు మిగిలియుండెను. ముందంజలో నున్నవారు కూడ మారుమాట లేక మరలిరి. అప్పటివరకు వచ్చిన కొలతలనే లెక్కించి, అయిదుచేపలు పట్టిన ఒక వృద్ధ ఇల్లాలికి కప్పు నిచ్చిరి. మాకు మూడుచేపలు, వదినగారికి ఒక్కటి. అయినను ఆనాటి భోజనమున అందరును లేచి చప్పట్లు కొట్టినది వదినగారికే. వారు పొడిగుడ్డ కప్పుకొని, పులిహోర పంచుచు, "పోయిన చేప ఇరవై అంగుళాలు ఉంటుందమ్మా" అని రెండుచేతులు చాచి చూపిరి. "కొలపలక మీద పెట్టని చేప లెక్కలోకి రాదు వదినగారూ" అన్నది మా న్యాయాధిపతి.

ఆ రాత్రి మా తల్లిగారితో ఫోనులో ఈ సంగతి యంతయు చెప్పితిమి. తిట్టుదురని యెదురుచూచితిమి. చాలసేపు మాటలేదు. తుదకు, "ఆ చొక్కాలు మన ఊళ్లో దొరుకుతాయా?" అని మాత్రమే యడిగిరి. ఎవరిని తలచుకొని యడిగిరో మాకు తెలియును.

సోదరీమణులారా, అందరును కయాకులెక్కి చేపలు పట్టుడని మేము చెప్పుట లేదు. కాని నీటితో మనకు పని తప్పదు. పాపికొండలు చూడబోదుము, పుష్కరములకు పోదుము, చెరువుగట్టున పిల్లలను ఆడింతుము. 2019 సెప్టెంబరు 15వ తేదీన గోదావరిలో కచ్చులూరు వద్ద యాత్రికుల బోటు మునిగి పెక్కుమంది ప్రాణములు కోల్పోయిన సంగతి మనమెవ్వరమును మరువలేదు. పడవ నెక్కునపుడు జాకెట్టు అడిగి తీసికొని, పిల్లలకు తొడిగి, మనమును తొడుగుకొనుటకు సిగ్గుపడరాదు. ఈతకొలను దగ్గరలో నున్నచో కుమారునితోబాటు కుమార్తెను గూడ పంపవలెను. ధైర్యము చాలినచో మనమును దిగవలెను. "నీళ్ల దగ్గరికి పోకు" అని మన పెద్దలు చెప్పినది ప్రేమతోనే. ఆ ప్రేమతోనే మన బిడ్డలకు "పడినా లేవడం నేర్చుకో" అని చెప్పుదము.